వెనిగర్‌లో మునిగిన యుద్ధనౌక

ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్నెవరూ అనకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. పిల్లి ఎదురైతే పులి ఎదురైందని అనను గానీ, ఆ పిల్లి నావైపు చూసిన చూపులో పులి కళ ఉందని మాత్రం తప్పకుండా అంటాను. నలుగురిలో నేను నోరు విప్పగానే మా ఆవిడ పక్కవాళ్ళకి చిన్నగా సైగ చేస్తుంది, సగం తీసేసి వినమని. (ఏ సగం తియ్యాలో ఆవిడకీ తెలియదు, అదే నా ధైర్యం.) కాబట్టి ఇందులోనూ ఒకచోట కల్పన ఉంది. ఎక్కడుందో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈలోగా మీరే పట్టేసుకున్నామని సంబరపడితే పడండి, నేను అడ్డు రాను.

ఆ రోజుల్లో, అంటే ఎదురుగా మనిషి వస్తుంటే జనం రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయే రోజుల్లో, మేం కొలోన్‌లో ఉండేవాళ్ళం. ఇది నా చిన్నతనం నాటి ముచ్చట. నవ్వకండి. నాకు నలభై దాటిన మాట నిజమే గానీ, జర్మనీకి వచ్చి అప్పటికి మూడేళ్ళే అయింది. అంటే ఈ దేశం లెక్కలో నేను మూడేళ్ళ పిల్లవాణ్ణి. మూడేళ్ళ పిల్లవాడికి ఎంత జర్మన్ వచ్చో నాకూ అంతే వచ్చు. ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో తెలియక ఇంటి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడేవాణ్ణి. ఆఫీసుల వాళ్ళు గట్టిగా మాట్లాడితే మా అమ్మాయి వెనక దాక్కునేవాణ్ణి. అది అప్పటికి నాలుగో తరగతి చదువుతోంది. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ అడగాలన్నా, మీటె, అంటే అద్దె ఎందుకు పెంచారని ఇంటాయన్ని నిలదియ్యాలన్నా మా ఇంటి పెద్దదిక్కు అదే. అలాంటి పసితనంలో, ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, పైన చొక్కా కింద లుంగీతో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఉద్ధరిస్తుండగా, ఒక యుద్ధనౌకను ముంచే యోగం నాకు పట్టింది.

సరిగ్గా మా పై అంతస్తులో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవారు. మేం ఆయన్ని 'హెర్ కపితేన్' అని పిలిచేవాళ్ళం, అంటే కెప్టెన్ గారూ అని. నిజానికి ఆయన ఏ ఓడకీ కెప్టెన్ కాదు. కుర్రతనంలో కొన్నాళ్ళు నౌకాదళంలో పనిచేశారు. సముద్రంలో శత్రువులు వదిలిన మందుపాతరల్ని ఏరి పారేసే ఒక చిన్న యుద్ధనౌక మీద ఆయన కొలువు. అందులో ఆయన చేసిన దేశసేవ బంగాళాదుంపల చెక్కు తియ్యడం. "ఎన్ని చెక్కి ఉంటారు, హెర్ కపితేన్?" అని ఒకసారి అడిగితే, ఆయన దిక్కులు చూసి గొంతు తగ్గించి, "మళ్ళీ యుద్ధం రాకుండా ఆపగలిగినన్ని" అన్నారు. నా పేరు ఆయన నోట్లో ఇమడలేదు. అందుకని నన్ను 'హెర్ నాఖ్‌బార్' అనేవారు, పొరుగాయన గారూ అని. మా ఆవిడ మాత్రం ఈ మర్యాదలేవీ పెట్టుకోకుండా ఆయన్ని తాతగారనేది. ఆయనకి అర్థం కాకపోయినా ఆ పిలుపుకే ముందు పలికేవారు.

ఆ తాతగారికి ఊపిరితిత్తులు బాగుండవు. గడప దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో ఆయన తన బాల్కనీ నుంచి ఒక వెదురుబుట్టని తాడు కట్టి మా బాల్కనీలోకి దింపేవారు. ఆ తాడుకి వేసిన ముడి చూడాలి మీరు! తుఫాను వచ్చి మా బిల్డింగు రైన్ నదిలో కొట్టుకుపోయినా ఆ బుట్ట మాత్రం అక్కడే వేలాడుతుంది, అలాంటి ముడి. పాలు, రొట్టె, మందులు అందులో పెట్టేవాణ్ణి. ఆయన పోస్టు డబ్బా తాళం కూడా నా చేతికే ఇచ్చారు. రోజూ కింద హాల్లోకి దిగి ఆయన ఉత్తరాలు తెచ్చి బుట్టలో వెయ్యడం నా పని. మా ఆవిడ వండిన గుత్తివంకాయ కూర ఆ బుట్టలో పైకి వెళ్ళేది, ఆయన చేసిన బంగాళాదుంపల సలాడ్ కిందికి దిగేది. (సరుకు మార్పిడిలో మేమే నష్టపోయాం.)

ఆ ఉత్తరాల సంగతి ఇప్పుడు చెప్పాలి. తాతగారు పాత యుద్ధనౌకల పోస్టు కవర్లు సేకరించేవారు. అదెలాగంటే, మీరు ఒక శుభ్రమైన కవరు మీద మీ చిరునామానే మీరు రాసుకుని, స్టాంపు అంటించి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, 'మహారాజశ్రీ ఓడ వారికి, దయచేసి తమ ముద్ర వేసి పంపగలరు' అని ఎంతో వినయంగా ఓడకి రాస్తారు. ఓడ వాళ్ళు మీ కవరు మీద గుండ్రటి తమ ముద్ర కొట్టి పోస్టులో పడేస్తారు. పోస్టాఫీసు తన నల్లముద్ర తనూ కొడుతుంది. అది ఊళ్ళు దాటి మీ దగ్గరికే తిరిగొస్తుంది. దాన్ని పట్టకారుతో అంచు పట్టుకుని ఎత్తి, ఊపిరి బిగబట్టి ఆల్బంలో పెట్టుకుంటారు. మొదటిసారి చూపించినప్పుడు నేను ఆత్రంగా, "లోపల ఏం రాశారు?" అన్నాను. "ఏమీ లేదు. కవరు వంగకుండా ఒక అట్టముక్క, అంతే," అన్నారాయన గర్వంగా. ఉత్తరం లేని ఉత్తరం కోసం ఒక మనిషి రోజూ ఎదురు చూడడం నేను అదే మొదటిసారి చూడడం. కానీ మహానుభావులారా, అది అంటువ్యాధి. నెల తిరిగేసరికి ఆయన బాల్కనీ అంచు మీంచి ఒక్కో కవరూ చూపిస్తూ ఓడల కథలు చెబుతుంటే, ఆఫీసు మీటింగులో మైకు ఆపేసి మెడ పైకెత్తి వింటూ కూర్చునేవాణ్ణి. నా మెడనొప్పికి ఈనాటికీ మూలకారణం జర్మన్ నౌకాదళమే.

తాతగారి దండులో, అంటే ఆయన ఓడ తిరిగిన నౌకల గుంపులో, ఒకప్పుడు ఉన్న ఓడలన్నిటి కవర్లూ ఆయన దగ్గర ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే ఆయన దుంపలు చెక్కిన ఓడ. ఆయన దాని అసలు పేరు ఎప్పుడూ అనలేదు, 'ఓమా' అనేవారు, అంటే అమ్మమ్మ. ఓమా ఇప్పుడు ఉత్తరాన ఒక రేవులో మ్యూజియంగా ఉంది. కొందరు ముసలివాళ్ళు స్వచ్ఛందంగా దాని బాగోగులు చూసుకుంటున్నారు. ఎన్నిసార్లు రాసినా కవరు ఎక్కడో పోవడమో, ముద్ర సగం పడడమో జరిగేది. ఇప్పుడేమో ఓమా అడుగు తుప్పు పట్టింది, మరమ్మతుకి వెళ్ళబోతోంది, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. మూసే ముందు ఆఖరి ముద్రల్లో ఒకటి ఈయన కవరు మీద కొట్టి పంపుతున్నామని అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. పైగా వచ్చే ఆదివారం ఓడకవర్ల క్లబ్బు వాళ్ళందరూ వీడియోలో కలుసుకుని ఎవరి దండు వాళ్ళు ప్రదర్శిస్తారు. ఆ క్లబ్బుకి ఒక మీసాల అధ్యక్షుడున్నాడు. ప్రతి ఏడూ తాతగారి ఆల్బం చూసి, మీసం సవరించుకుని, "బాగుంది, బాగుంది. ఓమా లేదు కదా, మరి దండు పూర్తి కానట్టే," అనేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు తాతగారి చెవులు ఎర్రబడేవి. "ఈ ఏడు అనలేడు, హెర్ నాఖ్‌బార్. ఈ ఊపిరితో నాకు వచ్చే ఏడు సంగతి తెలియదు గానీ, ఈ ఏడు మాత్రం అనలేడు," అన్నారు.

బుధవారం ఓమా వచ్చింది. డబ్బా తెరవగానే కనిపించింది. తెల్లటి కవరు, నిండు చంద్రుడి లాంటి ఊదారంగు ముద్ర, మధ్యలో లంగరు. ఒక్క గీత కూడా చెదరలేదు. నేను రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆఫీసు నుంచి ఫోన్, సర్వరు పడిపోయిందని. కవరుని గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద అంచు పట్టుకుని పడుకోబెట్టి, సర్వరుని లేపడానికి వెళ్ళాను. అదీ నేను చేసిన పని.

ఇక్కడ మా ఆవిడ గురించి ఒక మాట. కాకినాడ మనిషి, శుభ్రం విషయంలో రాజీ లేదు. వ్యాధి మొదలైన కొత్తలో షాపుల్లో శానిటైజర్ దొరక్క, వెనిగర్‌లో పసుపు కలిపి, వేపాకుల పొడి కొంచెం తగిలించి, మొక్కలకి నీళ్ళు కొట్టే సీసాలో పోసి ఒక మందు తయారు చేసింది. తరువాత శానిటైజర్లు గుట్టలుగా వచ్చినా ఆ మందునే నమ్ముకుంది. గుమ్మంలో చెప్పుల స్టాండే ఆవిడ సరిహద్దు. దాని మీదికి వచ్చింది ఏదైనా సరే, రెండు వైపులా తడిసి, బాల్కనీలో ఎండితేగానీ లోపలికి రాదు. మా ఇంట్లో ఆ రెండేళ్ళూ పాలడబ్బాలు, నూనె సీసాలు, మా అమ్మాయి లెక్కల పుస్తకం, అన్నీ పెళ్ళికూతుళ్ళలా పచ్చగా మెరిసిపోతూ ఉండేవి. ఒకసారి పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు కూడా కొంచెం పచ్చబడి వెళ్ళాడు.

నేను సర్వరు లేపి బాల్కనీలోకి వచ్చేసరికి, బట్టలు ఆరేసే స్టాండు మీద మా అమ్మాయి మేజోళ్ళకీ నా లుంగీకీ మధ్య, రెండు క్లిప్పులు పెట్టుకుని, ఓమా ఆరుతోంది.

పోస్టాఫీసు నల్లముద్ర నిక్షేపంలా ఉంది. ఓడ ముద్రే కరిగి, కారి, లంగరుతో సహా ఒక ఊదా చెరువైపోయింది. చెరువు చుట్టూ పచ్చటి పొలం. ఒక మూల వేపపొడి పడి చిన్న తోపు కూడా వెలిసింది.

"ఏవోయ్!" అన్నాను.

"ఏంటండీ ఆ అరుపు? ఖాళీ కవరే కదా. లోపల చూశాను, అట్టముక్క తప్ప ఏం లేదు. అట్టకి కూడా కొట్టాను లెండి మందు, మర్చిపోలేదు."

"అది ఓమా!"

ఆవిడ చేతిలో సీసా జారింది. ఓమా గురించి ఆవిడకీ తెలుసు. తాతగారు ఆ ఓడ కథ చెప్పినప్పుడల్లా పప్పులో పోపు మాడ్చుకున్న మనిషి. "అయ్యో అయ్యో, మరి ఖాళీ కవరు పోస్టు చేస్తారని నేను కలగన్నానా అండీ! ఓడ వస్తోందంటే ఫొటో గట్రా ఏమన్నా వస్తుందనుకున్నాను!" అని అక్కడే ముక్కాలి పీట మీద కూలబడిపోయింది. సరిగ్గా అప్పుడు పై నుంచి తాడు కిర్రుమంది. బుట్ట ఊగుతూ దిగుతోంది. దాని వెనకాలే తాతగారి గొంతు, పెళ్ళికొడుకు గొంతులా ఉంది. "హెర్ నాఖ్‌బార్! మెట్ల మీద మీ పరుగు విన్నాను! ఓమా వచ్చేసిందా?"

ఏం చెయ్యాలో తోచక కవరుని క్లిప్పులతో సహా బుట్టలో పెట్టాను. బుట్ట పైకి వెళ్ళింది. మేం ముగ్గురం మెడలెత్తి చూస్తున్నాం. మా అమ్మాయి ఉండబట్టలేక, ఇక్కడి పిల్లలు గళ్ళ కాగితం మీద ఓడలు ముంచే ఆట ఆడుతూ అరిచే అరుపు అరిచింది. "ట్రెఫర్! ఫెర్‌జెంక్ట్!" అంటే, దెబ్బ తగిలింది, ఓడ మునిగిందని. నేను దాని నోరు మూశాను. తాతగారు తల బయటికి పెట్టలేదు. మాట మాత్రం వినిపించింది. "ఎన్ని మందుపాతరల మధ్య తిరిగింది. ఒక్క గీత పడలేదు," అన్నారు మెల్లగా. తరువాత బాల్కనీ తలుపు మూసుకుంది. బుట్ట మళ్ళీ దిగలేదు.

గురువారం దిగలేదు. మా ఆవిడ పులుసు కాచి, గిన్నె పట్టుకుని బాల్కనీలో నిలబడి, "తాతగారూ!" అని పిలిచి పిలిచి లోపలికి వచ్చేసింది. "ఆదివారం ఆ మీసాలాయన ఏమంటాడో, పాపం ఈయన చెవులు ఎర్రబడిపోతాయి. మీరేదో ఒకటి చెయ్యండి. పెద్ద పెద్ద సర్వర్లు లేపుతారు గదా, ఒక్క ఓడని లేపలేరా?" అంది. మూడేళ్ళ పిల్లవాడికి పౌరుషం వచ్చింది. శుక్రవారం సెలవు పెట్టి, కొత్త తెల్ల కవరు ఒకటి అట్టల మధ్య భద్రపరుచుకుని, పులిహోర డబ్బాతో ఉత్తరానికి వెళ్ళే రైలెక్కాను.

ఆ ప్రయాణం వర్ణించడానికి నా దగ్గర మాటలు లేవు, అయినా వర్ణిస్తాను. ముక్కుకి గట్టి మాస్కు, దాని పైన మసకబారిన కళ్ళద్దాలు. జర్మనీ ఉత్తర భాగం మొత్తాన్ని నేను ఆవిరిలోంచి చూశాను. మాస్కు ఒక పక్క ఎత్తి ఒక ముద్ద పులిహోర లోపలికి పంపి, టక్కున మూసేసే విద్య ఆ రైల్లోనే నేర్చాను. ఎదురు సీటావిడ ఆ వాసనకి పుస్తకం మూసేసి, నా చేతి నైపుణ్యం మీంచి చూపు తిప్పుకోలేక, స్టేషన్లో దిగేటప్పుడు, "తమరు ఆపరేషన్లు చేసే వైద్యులా?" అని అడిగింది. రేవు చేరేసరికి గాలి ఎలా వీస్తోందంటే, సముద్రపు కాకులు ముందుకి ఎగురుతూ వెనక్కి పోతున్నాయి. అదిగో, రేవు చివర ఓమా! పర్వతంలా నిలబడి ఉంది. తెరచాప లాంటి గడ్డం ఉన్న ఒక నావికుడు నన్ను చూసి, కొలోన్ నుంచి వచ్చానని విని, చెయ్యి పట్టుకుని (కాదు, చెయ్యి పట్టుకోకూడదు గదా, మోచెయ్యి తగిలించి) పైకి ఎక్కించాడు. చుక్కాని నా చేత తిప్పించాడు. నేను తిప్పిన వైపుకి రేవు కాస్త జరిగినట్టే అనిపించింది. ఇరుకు మెట్లు దిగి వంటగదిలోకి తీసుకెళ్ళాడు. దిగుతుంటే ఇనుప దూలం తగిలి నా తల ఖంగుమంది. ఆ గదిలో, గోడకి కొట్టిన మేకుకి, అరిగి చందమామలా అయిపోయిన చెక్కుతీసే కత్తి ఒకటి ఇంకా వేలాడుతోంది. నావికుడు టోపీ తీసి దాన్ని చూపించాడు. నేను కళ్ళు తుడుచుకుని అసలు పని చెప్పాను. ఆయన గడ్డం పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఓడని మరమ్మతుకి పంపుతున్నారు కదా, ముద్రతో సహా అన్నీ పెట్టెల్లో సర్ది ఎక్కడికో పంపేశారట. ఆఖరి ముద్రలు పోయిన వారమే అయిపోయాయి. నేను తెచ్చిన కవరు అంతే తెల్లగా వెనక్కి వచ్చింది.

శనివారం పొద్దున్న గరిటెతో బాల్కనీ ఊచల మీద కొట్టి కొట్టి తాతగారిని బయటికి రప్పించాను. కవరు దొరకలేదని చెప్పి, ఆయన తలుపు వైపు తిరిగేలోగా, ఓడ మీద చూసిందంతా మొదలుపెట్టాను. ఆయన ఆగారు. కుర్చీ లాక్కుని, గడ్డం ఊచకి ఆనించి విన్నారు. అంతా అయ్యాక చాలాసేపటికి బుట్ట దిగింది. "మీ ఆవిడ గారి పులుసు ఇంకా ఉందా?" అన్నారు. మా ఆవిడ గిన్నె కాదు, కుక్కరే పెట్టేసింది అందులో.

ఆదివారం ఆయన ఆల్బం సర్దుకుని కూర్చున్నారు. ఆయనకి కంప్యూటరు లేదు. నా లాప్‌టాప్‌ని బుట్టలో పైకి పంపాం. మా అమ్మాయి కింది నుంచి, "మైకు నొక్కండి, తాతగారూ! అది కాదు, అది కాదు!" అని తెలుగులో ఒకసారి జర్మన్‌లో ఒకసారి అరుస్తోంది. తెర మీద క్లబ్బు పెద్దలు ప్రత్యక్షమయ్యారట. ఒకాయన నుదురు, ఒకాయన సీలింగు ఫ్యాను, ఒకాయన ఒక్క చెవి. మీసాలాయన మాత్రం నిండుగా మీసాలతో. మేం కింద ఊపిరి బిగబట్టి వింటున్నాం. తాతగారు ఒక్కో ఓడా చూపించుకుంటూ వచ్చారు. చివర్లో ఆగారు. "ఇది ఓమా," అన్నారు. ఆ పచ్చటి కవరునే కెమేరా ముందు పెట్టేశారు! మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమిటది? ఆవాల సాసు ఒలికిందా?" అన్నాడు అధ్యక్షుడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"కాదండీ!" అని నేను కింది నుంచే, నాకొచ్చిన మూడేళ్ళ జర్మన్‌లో గావుకేక పెట్టాను. "మా తప్పు! వైరస్ పోవాలని వెనిగర్ కొట్టాం! వెనిగర్, పసుపు!"

పై నుంచి అధ్యక్షుడి గొంతు, మారిపోయిన గొంతు. "వెనిగరా? మళ్ళీ చెప్పండి. వెనిగరేనా?"

సంగతేమిటంటే, వెనకటికి కలరా, ప్లేగు వచ్చిన రోజుల్లో రేవుల దగ్గర ఓడల్ని ఆపేసి, వాటిలో వచ్చిన ఉత్తరాల్ని వెనిగర్‌లో ముంచి, పొగబెట్టి, తాము శుద్ధి చేసినట్టు ముద్ర కొట్టిగానీ ఊళ్ళోకి వదిలేవారు కాదట. అలాంటి మరకల ఉత్తరాలు ఇప్పుడు సేకర్తలకి ప్రాణంతో సమానం. అవి ఉన్నవాళ్ళు ఇనప్పెట్టెల్లో దాచుకుంటారు, లేనివాళ్ళు ఉన్నవాళ్ళని చూసి కుళ్ళుకుంటారు. ఈ మహమ్మారిలో, ఒక యుద్ధనౌక నుంచి వచ్చిన కవరుని, పాత పద్ధతిలో వెనిగర్‌తో శుద్ధి చేసినది ఎవరి దగ్గరా లేదు! అధ్యక్షుడు ఈ మాట అనగానే అందరూ ఒక్కసారి మైకులు తెరిచారు. మా బిల్డింగు పావురాలు లేచిపోయాయి. "శుద్ధి చేసిన అధికారి ఎవరు? చూపించండి!" అని గోల.

తాతగారు లాప్‌టాప్‌ని బుట్టలో పెట్టి దింపారు. క్లబ్బు మొత్తం ఊగుతూ, గిరగిరా తిరుగుతూ, ఆకాశం, గోడ, నా లుంగీ, మళ్ళీ ఆకాశం చూసుకుంటూ మా బాల్కనీలో దిగింది. ఒక పెద్దాయన ఓడల మీద ముప్ఫై ఏళ్ళు తిరిగినా రాని వాంతి అప్పుడు వచ్చేలా ఉందన్నాడు. మా ఆవిడ శాలువా కప్పుకుని, సీసా చేతపట్టుకుని, ఏదో విచారణకి పిలిచినట్టు బిగుసుకుని నిలబడింది.

"వెనిగర్ ఎంత, పసుపు ఎంత?" అడిగాడు అధ్యక్షుడు. మా అమ్మాయి తెలుగులోకి తిప్పింది.

"కంటి అందాజేనండి. ఆయ్, కొలిచి ఎవరు వేస్తారు?"

మా అమ్మాయి దాన్ని జర్మన్‌లో చెప్పగానే పెద్దలందరూ తలలు ఊపి రాసుకున్నారు. "శుద్ధి చేసిన కేంద్రం ముద్ర లేదే?" అన్నాడు అధ్యక్షుడు, ఆఖరి ఆయుధంగా. మా ఆవిడ నావైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. అప్పుడు పై నుంచి, "ఒక్క నిమిషం!" అని వినిపించింది. అది ఒక్క నిమిషమే. ఎంతైనా చెయ్యి తిరిగిన మనిషి కదా! బుట్టలో కవరూ, దాని పక్కన సగానికి కోసిన బంగాళాదుంపా దిగాయి. దుంప మీద ముచ్చటైన చిన్న లంగరు చెక్కి ఉంది. మా ఆవిడ దానికి కుంకుమ తడిపి పూసి, కళ్ళు మూసుకుని, పిల్లకి బొట్టు పెట్టినంత జాగ్రత్తగా కవరు వెనక వైపు అద్దింది.

అధ్యక్షుడు మీసం వదిలేశాడు. "దండు పూర్తయింది," అన్నాడు. పై నుంచి వినిపించిన నవ్వుకి, దాని వెనకే వచ్చిన దగ్గుకి, మా ఆవిడ కంగారుపడి బుట్టలో అల్లం కషాయం పంపింది. తరువాత వారాల్లో క్లబ్బు వాళ్ళందరూ తలా ఒక ఓడకవరు మా చిరునామాకి పంపారు, శుద్ధి చేసి పంపగలరని ఎంతో వినయంగా రాస్తూ. మా ఆవిడ ఎవరినీ కాదనలేదు. కొట్టేముందు మాత్రం ప్రతిసారీ, "ఇది నిజంగా తడపమన్నదేనా అండీ?" అని అడిగేది.

ఇక నా మాట ప్రకారం కల్పన ఎక్కడుందో చెప్పాలి. వెనిగర్ దగ్గర పట్టుకున్నామని మీరు అనుకుంటూ ఉంటారు. అది నిజం. దుంప లంగరు నిజం, బుట్టలో దిగిన క్లబ్బు నిజం, పులిహోరావిడ కూడా దాదాపు నిజమే. నేను ఓడ ఎక్కలేదు, అంతే. రేవులో గేటుకి తాళం వేసి ఉంది. గడ్డమైనా లేని ఒక కాపలా మనిషి కంచె అవతల నుంచి, మూసేశాం, ముద్ర సర్దేశాం అని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. నేను కంచె సందులోంచి చూశాను. ఓమా పర్వతం కాదు. నిజంగా చిన్నది, రంగు పెచ్చులూడి, వానలో తడుస్తూ, ఎవరికోసమో కూర్చున్నట్టుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని ధైర్యం తెచ్చుకుని సెల్యూట్ కొట్టాను. కుడిచేతిలో పులిహోర డబ్బా ఉండడంతో ఎడమ చేత్తో కొట్టాను. ఆ మూడేళ్ళ పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.

గేటు మూసి ఉందని తాతగారితో అనడానికి శనివారం నాకు నోరు రాలేదు. అందుకని నన్ను నేనే ఓడ ఎక్కించేశాను. ఆయన అంతా విని ఒకే ఒక్క మాట అడిగారు. "వంటగదిలోకి దిగుతుంటే తల తగిలిందన్నారు, దెబ్బ గట్టిగా తగల్లేదు కదా?"

"బొప్పి కట్టింది, హెర్ కపితేన్."

ఆయన గడ్డం ఊచ మీంచి ఎత్తకుండానే నవ్వారు. "ఓమా మీద వంటగదికి దిగరు, హెర్ నాఖ్‌బార్. ఎక్కాలి." నేను తల దించుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. "పరవాలేదు," అన్నారు. "ఇంకోసారి దిగండి."

దిగాను. ఈసారి ఇంకా పెద్ద బొప్పి కట్టించుకున్నాను.